ప్రశ్న–జవాబు: వైద్యానికి పెట్టే ప్రజాధనానికి లెక్క ఏమిటి?

ఈ సంచికకు కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయాన్ని వేరు వేరు వైపుల నుంచి అడిగాయి. ఒక చికిత్సకు పెట్టిన డబ్బుకు తగిన మేలు జరుగుతోందని ఎవరు, ఏ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని నిర్ణయిస్తారన్నదే ఆ విషయం. నాలుగింటికీ ఇక్కడే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా నాయనకు రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. ఉచిత శిబిరంలో కుట్టు లేని ఆపరేషన్ చేసి గట్టి లెన్స్ పెడతామన్నారు. ప్రైవేటు ఆసుపత్రిలో ఫేకో పద్ధతిలో మడత లెన్స్ పెట్టడానికి చాలా డబ్బు అడుగుతున్నారు. ప్రభుత్వ వ్యవస్థ ఒకటి గట్టి లెన్స్‌తో చేసే ఆపరేషనే ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుందని సిఫారసు చేసినట్టు చదివాను. పేదవాళ్లకు చౌకరకం చాలునని చెప్పడమే కదా ఇది?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. అయితే ఆ సిఫారసు కేవలం చౌకదనాన్ని చూసి చేసినది కాదు. కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ కింద 2017లో ఆరోగ్య సాంకేతికతలను మదింపు చేసే వ్యవస్థ ఒకటి ఏర్పడింది. ఇటువంటి ప్రశ్నలను పరిశీలించడమే దాని పని. ఒక పద్ధతి నుంచి మరొక పద్ధతికి మారితే అదనంగా ఎంత ఖర్చవుతుంది, ఆ అదనపు ఖర్చుకు అదనంగా ఎంత ఆరోగ్యం వస్తుంది అని ఆ వ్యవస్థ చూస్తుంది. రెండు ఆపరేషన్లకూ ఉన్న తేడా ప్రధానంగా కోత పరిమాణంలోనూ, శుక్లాన్ని బయటికి తీసే తీరులోనూ ఉంది. ఫేకోలో మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కోత పెట్టి, యంత్రంతో శుక్లాన్ని లోపలే ముక్కలు చేసి పీల్చివేస్తారు. కుట్టు లేని ఆపరేషన్‌లో కోత ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ అది కుట్టు లేకుండానే మూసుకుంటుంది. పుణెలోనూ నేపాల్‌లోనూ ఈ రెండింటినీ పోల్చి చేసిన పరీక్షల్లో, అద్దాలు లేకుండా కనిపించే చూపులో ఫేకోకు కొంత మొగ్గు ఉండవచ్చునని, అద్దాలు పెట్టుకున్నాక రెండింటి ఫలితమూ దాదాపు ఒకటేనని తేలింది.

లెక్క తీరు తెలియడానికి కొన్ని అంకెలను ఊహించుకుందాం. ఇవి ఉదాహరణకు చెబుతున్నవే. మొదటి పద్ధతికి, అంటే కుట్టు లేని ఆపరేషన్‌కు, 8,000 రూపాయలవుతుందని, దానివల్ల మనిషికి 2 సంపూర్ణారోగ్య సంవత్సరాలతో సమానమైన మేలు జరుగుతుందని అనుకుందాం. రెండవ పద్ధతికి, అంటే ఫేకోకు, 16,000 రూపాయలవుతుందని, మేలు 2.02 సంవత్సరాలని అనుకుందాం. రెండవదాన్ని విడిగా భాగిస్తే సంవత్సరానికి ఎనిమిది వేలకు లోపే పడుతుంది కాబట్టి అదీ సరసమైనదిగానే కనిపిస్తుంది. కానీ మొదటిదాని నుంచి రెండవదానికి మారడానికి పెట్టిన అదనపు 8,000 రూపాయలు తెచ్చిపెట్టింది 0.02 సంవత్సరమే, అంటే ఒక్క ఆరోగ్య సంవత్సరానికి 4 లక్షల రూపాయలు. అదే 8,000తో, చూపు లేక ఇంట్లో కూర్చున్న మరొక మనిషికి మొదటి ఆపరేషన్ చేస్తే రెండు పూర్తి సంవత్సరాల మేలు జరుగుతుంది. ఈ శాస్త్రం సగటు ఖర్చును పక్కన పెట్టి, అదనపు ఖర్చును అదనపు ఫలితంతో భాగించడానికి కారణం ఇదే. ఇక్కడ ఎదురెదురుగా ఉన్నది పేదవాడు, ధనికుడు కాదు. ఆపరేషన్ అయిన పేదవాడు ఒకడైతే, ఇంకా వరుసలో నిలుచున్న పేదవాడు మరొకడు.

చేయి తిరిగిన డాక్టరు చేసేటట్లయితే మీ నాయనగారికి శిబిరంలోనే నిస్సంకోచంగా చేయించండి. బాగా ముదిరి గట్టిపడిన శుక్లానికి ఆ పద్ధతి చక్కగా సరిపోతుంది. అప్పు చేయకుండా సొంత డబ్బు పెట్టుకోగలిగితే ఫేకో చేయించుకోవడమూ తప్పు కాదు. పైన చెప్పిన లెక్క ప్రజాధనానికి సంబంధించినది, మీ ఇంటి డబ్బుకు సంబంధించినది కాదు.

ప్రశ్న: నేను ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతున్నాను. ఒక వస్తువు విలువ దాని కోసం మనిషి ఎంత చెల్లించడానికి సిద్ధపడతాడో అంతేనని సంక్షేమ అర్థశాస్త్రంలో చదివాం. మరి వైద్యం దగ్గరికి వచ్చేసరికి మేలును రూపాయల్లో కాకుండా సంవత్సరాల్లో ఎందుకు కొలుస్తున్నారు? ఒక ఆరోగ్య సంవత్సరానికి ఇంతవరకు పెట్టవచ్చునన్న హద్దు ఎక్కడి నుంచి వస్తుంది?
— ఒక విద్యార్థిని, కడప

జవాబు: ఈ రంగంలో దశాబ్దాలుగా సాగుతున్న వాదమంతా మీ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది, కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకోవాలి.

మీరు చదివిన సిద్ధాంతం ప్రకారం తన మేలు తనకే బాగా తెలుసు కాబట్టి ప్రతి మనిషీ తన సంక్షేమానికి తానే న్యాయనిర్ణేత. ఎవరికీ నష్టం లేకుండా ఒకరికైనా మేలు జరిగితే ఆ మార్పు మంచిదని పారేటో సూత్రం చెబుతుంది. నిజ జీవితంలో అలాంటి మార్పులు అరుదు. అందువల్ల లాభపడినవారు నష్టపోయినవారికి పరిహారం చెల్లించి కూడా ఇంకా లాభంలో మిగలగలిగితే చాలునని 1939లో కాల్డార్, హిక్స్ అనే ఆర్థికవేత్తలు ఆ సూత్రాన్ని సడలించారు. పరిహారం నిజంగా చెల్లించాలన్న నియమం అందులో లేదన్నది గుర్తుంచుకోండి. లాభాలనూ ఖర్చులనూ రెండింటినీ రూపాయల్లోకి మార్చి బేరీజు వేసే పద్ధతి ఈ పునాది మీదే నిలబడింది.

వైద్యంలో ఈ పునాది రెండు చోట్ల కుంగుతుంది. చెల్లించడానికి సిద్ధపడటం చెల్లించగలిగిన శక్తి మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఈ కొలతతో చూస్తే ఒక సంపన్నుడి మోకాలి నొప్పి ఒక కూలి బిడ్డ న్యుమోనియా కన్నా ఎక్కువ బరువు తూగవచ్చు. ఆ కొలతను ప్రజాధనానికి వర్తింపజేయడం నా దృష్టిలో అన్యాయం. రెండవ లోపాన్ని అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ యారో 1963లో రాసిన వ్యాసంలో చూపించాడు. జబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చాక ఏ చికిత్స పనిచేస్తుందో రోగికి తెలియదు. తెలిసిన డాక్టరు చెప్పిన మాటను నమ్మడం తప్ప అతనికి దారి లేదు. అలాంటి చోట కొనుగోలుదారు తన మేలును తానే సరిగ్గా అంచనా వేసుకుంటాడన్న ఊహ నిలబడదు.

అందుచేత మరొక ఆలోచనాధార వచ్చింది. మనిషి పొందే తృప్తిని మాత్రమే కొలిస్తే చాలదని, అతడు ఏం చేయగలుగుతున్నాడు, ఎలా ఉండగలుగుతున్నాడు అన్నది చూడాలని అమర్త్య సేన్ వాదించాడు. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంటొనీ కల్యర్ ఆ వాదాన్ని ఆరోగ్య రంగానికి తెచ్చి, ప్రజారోగ్య వ్యవస్థ లక్ష్యం ఆరోగ్యమే కాబట్టి ఆరోగ్యాన్నే నేరుగా కొలవాలన్నాడు. ఆ కొలత పేరు క్వాలీ: ఎన్ని సంవత్సరాలు బతికారన్నదాన్ని ఎంత బాగా బతికారన్నదానితో గుణిస్తే వచ్చేది. సంపూర్ణారోగ్యానికి 1, మరణానికి 0 బరువు. మధ్యలోని బరువులను జనాన్ని అడిగి రాబడతారు. ‘ఈ నొప్పితో పదేళ్లు బతకడానికి బదులు ఆరోగ్యంగా ఎన్నేళ్లు ఇస్తే ఒప్పుకుంటారు?’ అన్న ప్రశ్నకు ఏడేళ్లని జవాబు వస్తే ఆ స్థితి బరువు 0.7 అవుతుంది. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు అనే ఐదు అంశాల ప్రశ్నావళి దీనికి విరివిగా వాడుకలో ఉంది. మన దేశ ప్రజలు ఇచ్చిన జవాబుల నుంచి తయారైన బరువుల పట్టిక కూడా ఇప్పుడు ఉంది. అది ముఖ్యమైన పని, ఎందుకంటే నేల మీద కూర్చుని భోంచేసి, పొలంలో వంగి కలుపు తీసే మనిషి మోకాలి నొప్పికి ఎంత బరువిస్తాడో ఇంగ్లండులో కుర్చీలో కూర్చున్న మనిషి చెప్పలేడు.

ఇక హద్దు విషయం. పరిమితికి లోబడి గరిష్ఠాన్ని కనుక్కునే గణితంలో వచ్చే లగ్రాంజ్ గుణకం మీకు తెలిసే ఉంటుంది. నిర్ణీతమైన బడ్జెట్‌లో మొత్తం ఆరోగ్యాన్ని గరిష్ఠం చేయాలన్నది సమస్య అయితే, ఆ గుణకమే బడ్జెట్‌లోని చివరి రూపాయి ఎంత ఆరోగ్యాన్ని తెస్తోందో చెబుతుంది. వైన్‌స్టీన్, జెక్‌హౌజర్ అనే పరిశోధకులు 1973లో దీన్నే నియమంగా చెప్పారు: చికిత్సలను ఆరోగ్య సంవత్సరానికయ్యే ఖర్చు వరుసలో పేర్చి, తక్కువ ఖర్చుదానితో మొదలుపెట్టి డబ్బు అయిపోయేదాకా పైకి వెళ్లండి, చివరగా చోటు దొరికిన చికిత్స నిష్పత్తే హద్దు. అంటే హద్దు ఒక ప్రాణానికి కట్టిన ధర కాదు. కొత్త చికిత్సకు చోటివ్వడానికి బడ్జెట్‌లో నుంచి దేన్ని తప్పిస్తున్నామో, దానివల్ల పోయే ఆరోగ్యం అది. కర్నూలు–కడప కాలువ ఆయకట్టు తెలిసినవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. సుంకేశుల దగ్గర వదిలిన నీరు ఇంతేనని తెలిసినప్పుడు, ఎగువ తూముల కింద అదనంగా పెట్టిన తడి విలువను ఆ మడిలో పెరిగిన పంటను చూసి మాత్రమే లెక్కగట్టలేం. చివరి ఆయకట్టులో ఎండిన మడిని కూడా చూడాలి.

ఆచరణలో ఈ హద్దు పుట్టిన తీరు మాత్రం సిద్ధాంతమంత శుభ్రంగా లేదు. బ్రిటన్‌లో ఏ చికిత్సకు ప్రభుత్వ డబ్బు పెట్టాలో చెప్పడానికి 1999లో ఏర్పడిన నైస్ అనే సంస్థ చాలాకాలం ఒక క్వాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్లను హద్దుగా వాడింది. ఆ అంకెలకు గట్టి కొలత ఆధారం లేదు. యార్క్‌లో కార్ల్ క్లాక్స్‌టన్ బృందం అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ నిజంగా ఎంత ఖర్చుకు ఒక క్వాలీ సాధిస్తోందో లెక్కగట్టి, 2015లో 12,936 పౌండ్లని ప్రకటించింది. ఈ అంచనా సరైనదైతే, 30,000 పౌండ్ల దగ్గర ఒక కొత్త మందును ఆమోదించిన ప్రతిసారీ ఒకరికి ఒక ఆరోగ్య సంవత్సరం ఇచ్చి, ఇతరుల దగ్గర రెండు సంవత్సరాలకు పైగా తీసుకున్నట్టవుతుంది. మందు అందుకున్న రోగి పేరు పత్రికల్లో వస్తుంది. నర్సు పోస్టు ఖాళీగా ఉండిపోవడం వల్లనో, పరీక్ష ఆలస్యం కావడం వల్లనో నష్టపోయినవారికి తాము నష్టపోయామని కూడా తెలియదు. ఈ శాస్త్రం చేస్తున్న అతి ముఖ్యమైన పని ఆ కనబడనివారిని లెక్కలోకి తేవడమేనని నా నమ్మకం.

మన దేశంలో ప్రస్తుతం తలసరి జాతీయోత్పత్తికి ఒక రెట్టును, అంటే 2 లక్షల రూపాయలకు పైబడిన మొత్తాన్ని, ఒక క్వాలీకి ప్రమాణంగా చూస్తున్నారు. స్థూల ఆర్థిక వ్యవస్థ, ఆరోగ్యం అనే అంశంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2001లో ఇచ్చిన నివేదిక నుంచి తలసరి ఉత్పత్తికి ఒకటి నుంచి మూడు రెట్లు అనే వాడుక ప్రచారంలోకి వచ్చింది. దాన్ని నిర్ణయ సూత్రంగా వాడవద్దని ఆ సంస్థ నిపుణులే తరువాత హెచ్చరించారు. తలసరి ఉత్పత్తి దేశం ఎంత సంపాదిస్తోందో చెబుతుంది గాని, ఆరోగ్య శాఖ చివరి రూపాయి ఏం చేస్తోందో చెప్పదు. ఆరోగ్య బడ్జెట్ చిన్నదిగా ఉన్న దేశాల్లో అసలు హద్దు తలసరి ఉత్పత్తి కన్నా బాగా దిగువనే ఉంటుందని యార్క్ పరిశోధకుల మరొక అంచనా. మన ప్రమాణాన్ని ఇక్కడి ఖర్చుల నుంచి, జిల్లా ఆసుపత్రుల నుంచి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి సేకరించిన అంకెలతో కట్టుకోవాలి. మీలాంటి విద్యార్థులు పరిశోధనాంశంగా తీసుకోదగిన పని ఇది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1990లో పేదల వైద్య పథకానికి ఇటువంటి లెక్కతోనే వందలాది చికిత్సల జాబితా తయారుచేసింది. అందులో పంటికి తొడుగు వేయడం అపెండిసైటిస్ ఆపరేషన్ కన్నా పైన నిలిచింది. దంతవైద్యం ఖర్చు అంత తక్కువ మరి. జనం ఒప్పుకోలేదు, జాబితాను మార్చవలసి వచ్చింది. కళ్లముందు ప్రాణాపాయంలో ఉన్న మనిషిని వదిలేయలేని మన స్వభావానికి వైద్యనీతి పండితుడు ఆల్బర్ట్ జాన్సన్ 1986లో ‘రక్షణ నియమం’ అని పేరు పెట్టాడు. వెన్నెముక కండరాల క్షీణత ఉన్న పసిబిడ్డకు 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ కోసం ఊరూరా చందాలు పోగవ్వడం ఈ స్వభావం వల్లనే. అది మానవత్వమే, దాన్ని తప్పుపట్టలేం. అయితే చందా ఇచ్చేవారు తమ డబ్బు ఇస్తారు, ప్రభుత్వం అందరి డబ్బు ఇస్తుంది. అందుకే ప్రభుత్వం చేయవలసిన మొదటి పని ఆ ధరను తగ్గించమని గట్టిగా బేరమాడటం. హెపటైటిస్ సి మందు సోఫోస్‌బువిర్ అమెరికాలో ఒక విడత చికిత్సకు 84,000 డాలర్లతో మొదలైంది. మన దేశంలో జనరిక్ కంపెనీలు తయారుచేయడంతో ధర ఎంతగా పడిపోయిందంటే, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దాన్ని ఉచితంగా ఇవ్వగలుగుతున్నారు. మందు అదే, అది తెచ్చే ఆరోగ్యమూ అదే. ధర మారింది కాబట్టి లెక్క తిరగబడింది.

ప్రశ్న: నాకు 72 ఏళ్లు. సంవత్సరాలతో కొలిస్తే నాలాంటివారికి వైద్యం దండగనే లెక్క తేలదా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: క్వాలీ లెక్కలో మీ ఒక సంవత్సరానికీ ఇరవై ఏళ్ల యువకుడి ఒక సంవత్సరానికీ బరువు సమానమే. కానీ ప్రాణం నిలిపే చికిత్సలో యువకుడికి ఎక్కువ సంవత్సరాలు కలిసివస్తాయి కాబట్టి ఆ మేరకు మొగ్గు అటు ఉంటుంది. జబ్బు వల్ల, అకాల మరణం వల్ల పోయిన ఆరోగ్య సంవత్సరాలను లెక్కించే డాలీ అనే మరొక కొలత 1993 ప్రపంచ బ్యాంకు నివేదికతో ప్రచారంలోకి వచ్చినప్పుడు, నడివయసు సంవత్సరాలకు బాహాటంగానే ఎక్కువ బరువిచ్చారు. విమర్శలు రావడంతో ప్రపంచ వ్యాధిభారం 2010 అధ్యయనంలో దాన్ని తొలగించారు. వికలాంగుల జీవితానికి తక్కువ బరువు పడుతుందన్న అభ్యంతరం ఇంతకన్నా తీవ్రమైనది. అమెరికా తన 2010 ఆరోగ్య చట్టంలో ఇటువంటి హద్దును మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిర్ణయాలకు వాడరాదని నిషేధించడానికి ముఖ్య కారణం అదే. ఆ అభ్యంతరంలో నిజముంది. దానికి పూర్తి జవాబు ఈ కొలతలో లేదు. అందుకే ఏ దేశంలోనైనా లెక్క తేల్చిన అంకెను ఒక కమిటీ ముందు పెట్టి, మిగతా న్యాయాలను కూడా అక్కడ తూచాలి.

మీ తరానికి కాక మీ మనవళ్లకు తగిలే మరొక అంశం ఉంది. భవిష్యత్తులో వచ్చే మేలును ఏడాదికి 3 శాతం చొప్పున తగ్గించి లెక్కవేయడం వాడుక. ఆ లెక్కన 25 ఏళ్ల తరువాత కలిగే మేలు ఇప్పటి విలువలో సగానికి లోపే పడుతుంది. ఈ రోజు ఆడపిల్లలకు వేసే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా లాంటివి ఈ తగ్గింపు వల్ల బాగా నష్టపోతాయి.

ప్రశ్న: మా ఆయనకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్ కోసం వారంలో మూడు సార్లు తాడిపత్రి నుంచి అనంతపురం పోయి వస్తున్నాం. డయాలసిస్ ఉచితమే, కానీ బస్సు ఛార్జీలు, దారి ఖర్చులు, ఇద్దరికీ పోయిన కూలి మావే. మీరు రాసే లెక్కల్లో మా ఖర్చు ఎవరైనా వేస్తారా? డయాలసిస్‌కు పెట్టే డబ్బు దండగని తేలితే ఆపేస్తారా?
— ఒక గృహిణి, తాడిపత్రి

జవాబు: అమ్మా, మీ రెండవ ప్రశ్నకు ముందుగా జవాబిస్తాను. లెక్క ఒకటే నిర్ణయించకూడదన్నదానికి డయాలసిస్ చరిత్రే మంచి సాక్ష్యం. థాయిలాండ్‌లో ఈ లెక్క వేసినప్పుడు డయాలసిస్ రెండు పద్ధతుల్లోనూ (ఆసుపత్రిలో యంత్రంతో చేసేది, ఇంట్లో కడుపు ద్వారా చేసుకునేది) అక్కడి హద్దును దాటిపోయింది. అయినా 2008లో అక్కడి ప్రభుత్వం దాన్ని అందరికీ వర్తించే ఆరోగ్య పథకంలో చేర్చింది. డయాలసిస్ ఖర్చుకు ఇల్లూ పొలమూ అమ్ముకుని కుటుంబాలు కుప్పకూలుతున్నాయని, వాటిని కాపాడటం కూడా ఆరోగ్య పథకం బాధ్యతేనని వారు భావించారు. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పుడు దాని వెనుక ఉన్నది కూడా పేద కుటుంబాన్ని అప్పుల్లోకి దించే పెద్ద ఖర్చు నుంచి కాపాడాలన్న ఆలోచనే. ఇటీవలి అధ్యయనాల్లో కొందరు ఆర్థికవేత్తలు ఆరోగ్య సంవత్సరాలతో పాటు, ఒక పథకం ఎన్ని కుటుంబాలను పేదరికంలో పడకుండా ఆపిందో కూడా పక్క వరుసలో లెక్కవేస్తున్నారు. అది సరైన దారి. ఈ లెక్కలు ఎలా తేలినా, డయాలసిస్ మీద బతుకుతున్న మనిషికి దాన్ని ఆపమని చెప్పే అధికారం వాటికి లేదు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు, లెక్క ఎవరి వైపు నుంచి వేస్తున్నారన్నదాని మీద ఆధారపడుతుంది. ప్రభుత్వ ఖజానా వైపు నుంచి వేస్తే మీ బస్సు ఛార్జీ, పోయిన కూలి కనబడవు. ఆసుపత్రి ఖర్చు మాత్రమే కనబడుతుంది. సమాజం మొత్తం వైపు నుంచి వేస్తే అవన్నీ చేరతాయి. బ్రిటన్‌లోని నైస్ మొదటి పద్ధతినే ప్రధానంగా పాటిస్తుంది. అమెరికాలో 2016లో నిపుణుల బృందం రెండు విధాలుగానూ వేసి రెండు ఫలితాలనూ పక్కపక్కన చూపమని సలహా ఇచ్చింది. మన దేశంలో వైద్యం ఖర్చులో చాలా భాగం ఇంటి జేబు నుంచే పోతోంది కాబట్టి, ఖజానా వైపు లెక్క ఒక్కటే చూపించి ఒక పద్ధతిని మంచిదనడం మీలాంటి కుటుంబాలకు అన్యాయం. ఆసుపత్రి తన ఖర్చు తగ్గించుకోవడానికి కేంద్రాన్ని దూరంగా, ఒకే చోట పెడితే, ఆ తగ్గిన ఖర్చు మీ ఇంటి మీద పడుతుంది. ఖజానా లెక్కలో అది పొదుపుగా కనిపిస్తుంది.

దీనికి సంబంధించి మీరు డాక్టరును అడగదగిన విషయం ఒకటి ఉంది. కడుపులోకి చిన్న గొట్టం ద్వారా ద్రవం ఎక్కించి, కొన్ని గంటల తరువాత బయటికి తీసే పద్ధతిలో ఇంట్లోనే డయాలసిస్ చేసుకోవచ్చు. సాధారణంగా రోజుకు నాలుగు సార్లు ద్రవం మార్చాలి. ప్రయాణం, పోయే కూలి చాలా వరకు తగ్గుతాయి, ఆసుపత్రికి నెలకోసారి వెళ్తే సరిపోవచ్చు. కానీ శుభ్రమైన గది, చేతులు కడుక్కునే నీరు, ద్రవం సంచులు క్రమంగా ఇంటికి చేరే ఏర్పాటు తప్పనిసరి; శుభ్రత తప్పితే కడుపులో ఇన్ఫెక్షన్ వస్తుంది, అది ప్రమాదకరం. థాయిలాండ్ మొదట ఈ పద్ధతినే అందరికీ తప్పనిసరి చేసి, 2022లో రోగికీ డాక్టరుకూ ఎంచుకునే వీలు కల్పించింది. మీ ఆయనకు ఇది సరిపడుతుందా, పథకం కింద ద్రవం సంచుల ఖర్చు వస్తుందా అన్న రెండు ప్రశ్నలనూ కిడ్నీ డాక్టరు దగ్గర, ఆసుపత్రిలో ఆ పథకం వ్యవహారాలు చూసే ఉద్యోగి దగ్గర విడివిడిగా అడగండి. ఇంట్లో మిగతావారు బీపీ, షుగర్ పరీక్షలు తప్పక చేయించుకోండి. ఆ రెండింటినీ అదుపులో ఉంచే మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి.